వెనక్కి తిరిగి రానిచ్చే సావుకారు

వానాకాలం వస్తే మా ఇంటి వసారాకి ఒక పసుపుపచ్చ గుడ్డ అడ్డంగా కడతాం. మందపాటి గుడ్డ, జల్లు లోపలికి రానివ్వదు. దాని మీద ఒక కంపెనీ పేరులో వెనక సగం ఉంటుంది. ముందు సగం మా చిన్నాన్న వాళ్ల కోళ్లగూడు మీద ఉంది. రెండూ కలిపి చదివితే పేరు తెలిసిపోతుంది, కాబట్టి ఇక్కడ కంపెనీ అని మాత్రమే అంటాను. ఆ గుడ్డ ఒకప్పుడు తెరచాప. ఒక్క పందెంలో, ఒక్క పూట గాలి పట్టింది.

మాది గంజాం జిల్లా గోపాల్‌పూర్. బోర్డుల మీద అలా ఉంటుంది గాని మా నోట్లో అది గోపాలపురం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీత జరిగింది, మేం జరగలేదు. ఒడ్డునున్న మా తెలుగు మత్స్యకారులను ఒడియావాళ్లు నోలియాలు అంటారు. మా తాత దుంగలు కట్టిన తెప్ప మీద వేటకి వెళ్లాడు, నాన్న ఫైబరు బోటు మీద వెళ్లాడు, నేను స్కూటర్ మీద బరంపురంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి వెళ్తున్నాను.

అయినా రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో నేను చూసేవి యాట్ రేసులే, అంటే తెరచాప పడవల పందేలు. ఆఫీసులో ఒక పెద్దాయన "కోటీశ్వరుల ఆట నీకెందుకయ్యా?" అని ఎగతాళి చేస్తారు. ఆయనకి నేనొకటే చెబుతాను. నీళ్ల మీద రెక్కలతో లేచి గంటకు 100 కిలోమీటర్లు దాటేసే సెయిల్ జీపీ అనే పందెం పడవలను కాటమరాన్లు అంటారు. ఆ మాట తమిళంలోని కట్టుమరం. అంటే కట్టిన దుంగలు, అంటే మా తాత తెప్ప. రెండు పొట్టల ఆ పడవకీ తాత తెప్పకీ పేరు తప్ప పోలిక లేదనుకోండి. కానీ పేరు ఈ తీరం నుంచే పోయింది. ఇన్నేళ్లుగా వాడుకుంటున్నారు, రాయల్టీ ఒక్క పైసా రాలేదు.

ఇక పసుపు గుడ్డ సంగతి. గంగమ్మ జాతరప్పుడు మా పల్లెలో తెప్పల పందెం ఉండేది. చాప కట్టుకుని, అలలు దాటి, లోపల పాతిన జెండా చుట్టి ఒడ్డుకు రావాలి. ఇంటింటికీ చందా వేసేవారు. గెలిచినవాడికి వల, రెండోవాడికి మేకపోతు, అందరికీ భోజనం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. తెప్పలూ వలలూ పోయాక పందెం ఊసెత్తినవాడు లేడు. తర్వాత మూడో ఏడు ఒక కంపెనీ తనంతట తనే ముందుకొచ్చింది. కొత్త తెరచాపలు, టీషర్టులు, నగదు బహుమతులు, షామియానా, భువనేశ్వర్ నుంచి యాంకరమ్మ. మా కళ్లు చెదిరిపోయాయి.

తెల్లారేసరికి మొదలుపెట్టాల్సిన పందెం అది. కొండగాలి ఉన్నంతసేపే మాకు సుఖం. పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, ఒడ్డు దగ్గర అల లేస్తుంది. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండున్నర. అప్పటికే అల మా వాళ్లకి నచ్చని రంగులోకి వచ్చింది. కులపెద్ద నీళ్ల వైపు చూశాడు, ఏదో అనబోయి మైకు వైపు చూశాడు. పక్కనే డ్రోన్ ఎగరేసే కుర్రాడు సిద్ధంగా నిలబడ్డాడు. ఆపేద్దామని ఎవరూ అనలేదు. ఆపితే డబ్బు రాదేమో అని కూడా ఎవరూ పైకి అనలేదు. రెండు తెప్పలు బోల్తా కొట్టాయి, మా బావకి చెయ్యి విరిగింది. వీడియో మాత్రం చాలా బాగా వచ్చింది.

మరుసటి ఏడు కంపెనీ రాలేదు. మేనేజరు బదిలీ అయిపోయాడని ఎవరో చెప్పారు. చందాకి వెళ్తే "కంపెనీవాళ్లు ఇస్తారు కదా" అని తలుపు దగ్గరే తేల్చేశారు. పందెం అంతటితో సరి.

దీన్నిబట్టి స్పాన్సర్లు రాకముందు ఆటలన్నీ పవిత్రంగా ఉండేవని చెప్పబోతున్నానేమో అనుకుంటారు. తెరచాప మీద కంపెనీ పేరు చూడగానే ముఖం చిట్లించుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ పేరు లేని రోజుల్లో పడవ నడిపినవాళ్లెవరు? రాజులు, ప్రభువులు, బ్యాంకర్లు. పడవ మీద ప్రకటన ఉండకూడదన్న నియమం చాలాకాలం నడిచింది. వినడానికి మర్యాదగా ఉంటుంది గాని, సొంత డబ్బు లేనివాడు రావద్దని దాని అర్థం.

థామస్ లిప్టన్ కథే చూడండి. మనకి టీ పొట్లం మీద పేరు. గ్లాస్గోలో చిన్న కిరాణా దుకాణం నడుపుకునేవాళ్ల బిడ్డ, టీ అమ్మి కోట్లు గడించాడు. 1851 నుంచి నడుస్తున్న పడవ పందెం అమెరికా కప్ కోసం 1899 నుంచి 1930 దాకా అయిదుసార్లు పోటీపడ్డాడు. పడవలన్నింటికీ షామ్‌రాక్ అనే పేరు పెట్టాడు గాని టీ పేరు ఎక్కడా రాయలేదు. రాయక్కర్లేకుండానే అమెరికాలో ఆయన టీ తెగ అమ్ముడుపోయింది. అయిదుసార్లూ ఓడిపోయాడు. 1920లో మొదటి రెండు పందేలూ గెలిచి తర్వాత మూడూ పోగొట్టుకున్నాడు. చివరికి అమెరికా జనమే చందాలేసుకుని ఆయనకో బంగారు కప్పు చేయించి ఇచ్చారు. అదే ఇంగ్లండులో రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే పెద్దమనుషుల క్లబ్బు, వ్యాపారి అన్న కారణంతో ఆయన్ని ఏళ్ల తరబడి గడప దాటనివ్వలేదు. 1931లో, ఆయన చనిపోవడానికి కాస్త ముందు చేర్చుకుంది. ఆ క్లబ్బు మర్యాద కంటే ఇవాళ్టి కంపెనీ బొమ్మే నాకు నయం.

ఫ్రాన్సులో వెండీ గ్లోబ్ అని ఒక పందెం ఉంది. 1989లో మొదలైంది. నాలుగేళ్లకోసారి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా భూమి చుట్టి రావాలి. అక్కడ పడవల పేర్లు చదువుతుంటే మా ఆఫీసు ఫైళ్ల అరలా ఉంటుంది. ఒకటి బీమా సంస్థ, ఒకటి కోడిమాంసం కంపెనీ, ఒకటి ఇంటి గోడల పూతలు చేసేది. 2024లో బయల్దేరిన పందెంలో చార్లీ డాలిన్ 64 రోజుల్లో తిరిగొచ్చింది ఒక బీమా సంస్థ పేరున్న పడవ మీద. ఈ కంపెనీలు లేకపోతే ఆ నావికుల్లో చాలామంది మా నాన్నలాగే ఎవరి పడవ మీదో కూలికి వెళ్లేవాళ్లు.

అందుకే లోగో గురించి నాకు బాధ లేదు. నేను చూసేది ఇంకొకటి. దాని కోసం మా సావుకారు దగ్గరికి రావాలి.

నాన్న బోటుకి మోటారు సావుకారు అడ్వాన్సుతో వచ్చింది. వడ్డీ రాయలేదు. పట్టిన చేప ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వెయ్యాలి. మంచి రోజుల్లో అది ఉపకారమే, ఆయన లేకపోతే మోటారు లేదు. తేడా వచ్చేది మబ్బు పట్టిన రోజున. తాతకి వెనక్కి తిరగడం నామోషీ కాదు. సగం దూరం వెళ్లి, గాలి వాసన చూసి, చాప దించేసి వచ్చేసేవాడు. "తిరిగొచ్చినోడికే మళ్లీ వేట" అనేవాడు. నాన్నకి ఆ వీలు లేదు. డీజిల్ డబ్బు కూడా సావుకారు పద్దులోనే ఉంది. బాకీ ఉన్న మనిషి కంటికి మబ్బు పల్చగా కనబడుతుంది. సావుకారు ఏనాడూ "వెళ్లు" అని నోటితో అనలేదు. అనాల్సిన అవసరం లేదు, అదే అందులోని గొప్ప.

డొనాల్డ్ క్రౌహర్స్ట్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది నాన్నే. 1968లో సండే టైమ్స్ పత్రిక ఒంటరిగా భూమి చుట్టే పందెం పెట్టింది. తొమ్మిదిమంది బయల్దేరారు. క్రౌహర్స్ట్ ఎలక్ట్రానిక్స్ వ్యాపారం దెబ్బతిన్న మనిషి. కారవాన్లు అమ్మే ఒక వ్యాపారి ఆయన పడవకి డబ్బు పెట్టాడు. ఒప్పందంలో మెలిక ఏమిటంటే, పని చెడిపోతే ఆ పడవని క్రౌహర్స్టే తిరిగి కొనుక్కోవాలి. ఇల్లు కూడా తాకట్టులో ఉంది. పడవ సిద్ధం కాలేదు, నీరు కారుతోంది. అయినా బయల్దేరడానికి ఆఖరి గడువైన అక్టోబర్ 31నే బయల్దేరాడు. దక్షిణ సముద్రాల్లోకి వెళ్తే పడవ ఆగదని తెలుసు, వెనక్కి వెళ్తే ఇల్లు ఉండదని తెలుసు. అట్లాంటిక్‌లోనే అటూ ఇటూ తిరుగుతూ, భూమి చుట్టేస్తున్నానని రేడియోలో అబద్ధపు లెక్కలు చెప్పాడు. 1969 జూలై 10న పడవ ఖాళీగా దొరికింది. మనిషి దొరకలేదు.

ఆయన్ని మోసగాడు అనేవాళ్లున్నారు. నేను అనలేను. ఆ ఒప్పందం నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే ఆ ఒక్క వాక్యం కింద ఎర్ర గీత గీసి ఉండేవాణ్ని.

ఆ పందెం పూర్తి చేసింది ఒకే ఒక్కడు, రాబిన్ నాక్స్ జాన్‌స్టన్. ఆయన పడవ సుహైలీ బొంబాయిలో టేకుతో కట్టింది. తనకి వచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని క్రౌహర్స్ట్ కుటుంబానికే ఇచ్చేశాడు.

ఇప్పుడు రెండో వైపు. 2020 నవంబర్ 30న వెండీ గ్లోబ్‌లో కెవిన్ ఎస్కోఫియే పడవ అలల్లో ముక్కలైంది. లైఫ్ రాఫ్ట్ మీద మిగిలిన అతన్ని వెతకడానికి దగ్గర్లో ఉన్న పోటీదారులను నిర్వాహకులు దారి మళ్లించారు. చీకట్లో అతన్ని పైకి లాగింది జాన్ లె కామ్ అనే 61 ఏళ్ల పెద్దాయన. వెతకడానికి వెళ్లినవాళ్లలో యానిక్ బెస్టావెన్ ఒకడు. ఆ వెతుకులాటలో అతనికి పోయిన కాలాన్ని జ్యూరీ లెక్కకట్టి పది గంటల పావు తిరిగి ఇచ్చింది. 2021 జనవరిలో ఒడ్డుకి ముందు చేరింది చార్లీ డాలిన్. బెస్టావెన్ చేరింది మూడోవాడిగా. ఆ పది గంటల పావు తీసేస్తే గెలిచింది బెస్టావెన్. అతని పడవ మీద ఉన్నది కోడిమాంసం కంపెనీ పేరు. దారి వదిలి మనిషి కోసం తిరిగిన గంటలు గెలుపులో కలిసే లెక్క అది. ఆ జ్యూరీ కాగితం నేను ఆడిటింగ్ కళ్లతోనే చదివాను, అయినా కళ్లు చెమర్చాయి.

స్పాన్సరు నిలబడిన కథ కూడా ఒకటుంది. 2014 నవంబర్ 29 రాత్రి, వోల్వో ఓషన్ రేసులో వెస్టాస్ విండ్ అనే పడవ మారిషస్‌కి ఈశాన్యంగా ఒక పగడపు దిబ్బ మీదికి నేరుగా ఎక్కేసింది. ఎలక్ట్రానిక్ మ్యాపులో తగినంత దగ్గరగా చూడలేదు, ఆ దూరంలో చూస్తే దిబ్బ కనబడదు. తొమ్మిదిమందీ ప్రాణాలతో బయటపడ్డారు. పడవ వెనక భాగం నుజ్జయింది. ప్రపంచమంతా చూసిన ఆ శిథిలం మీద గాలిమరల కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. ఇంతకంటే చెడ్డ ప్రకటన ఏముంటుంది? అయినా కంపెనీ వెళ్లిపోలేదు. శిథిలాన్ని దిబ్బ మీంచి దించి, ఇటలీలో మళ్లీ కట్టించి, 2015లో లిస్బన్ దగ్గర పందెంలో తిరిగి దింపారు. తిరిగొచ్చిన జట్టులో, ఆనాడు మ్యాపు చూసి దారి చెప్పిన నావిగేటరు మాత్రం లేడు. ఎంత మంచి సావుకారైనా ఎక్కడో ఒకచోట పద్దు రాసుకుంటాడన్నమాట.

క్లారిస్ క్రెమెర్ విషయంలో పద్దు ఇంకోలా రాశారు. 2020లో బయల్దేరిన వెండీ గ్లోబ్‌లో ఆడవాళ్లందరికంటే వేగంగా భూమి చుట్టి వచ్చిన మనిషి ఆమె. తర్వాత బిడ్డను కన్నది. అర్హతకి కావాల్సిన పాయింట్లు ఆ విరామంలో వెనకబడ్డాయి. 2023 ఫిబ్రవరిలో ఆమె బ్యాంకు స్పాన్సరు ఆమెను పక్కన పెడుతున్నట్టు చెప్పింది. జనం తిట్టిన తిట్లకి ఆ బ్యాంకు ఆ పందెం నుంచే తప్పుకుంది. సబ్బులు, క్రీములు అమ్మే ఇంకో కంపెనీ ఆమెకి స్పాన్సరుగా వచ్చింది. 2025లో ఆమె 11వ స్థానంలో ఒడ్డు చేరింది. తప్పు నియమానిదా, బ్యాంకుదా అని అక్కడివాళ్లు చాలా వాదించుకున్నారు. నాకైతే తొమ్మిది నెలలు వేటకి వెళ్లలేని మనిషికి సావుకారు అడ్వాన్సు ఆపేసినట్టే కనబడింది.

మనవాళ్ల సంగతికొస్తే అభిలాష్ టామీ ఉన్నారు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన తొలి భారతీయుడు, 2013లో, నౌకాదళం పడవ మీద. క్రౌహర్స్ట్ వెళ్లిన ఆ పాత పందెం పేరుతోనే 2018లో జరిగిన గోల్డెన్ గ్లోబ్‌లో, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకి తెరచాప కొయ్యలు విరిగి, వెన్నెముక దెబ్బతిని, మూడు రోజులు కదల్లేక పడవలో పడి ఉంటే ఫ్రెంచి ఓడ ఒకటి వచ్చి తీసుకెళ్లింది. వెన్నులో టైటానియం రాడ్లు వేశారు. 2022లో మళ్లీ అదే పందానికి వెళ్లి 236 రోజుల తర్వాత రెండో స్థానంలో వచ్చారు. ఆ పడవ మీద పేరు బయనాత్. అది అప్పట్లో ఒక అబుదాబి కంపెనీ. గెలిచింది దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్. వెన్ను విరిగినవాడికి రెండోసారి పడవ ఇవ్వడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఎడారి దేశం నుంచి వచ్చిందన్న సంగతి సముద్రం ఒడ్డున కూర్చుని చదువుతుంటే కాస్త గుచ్చుకుంటుంది.

మాకు దగ్గరి కథ ఇంకొకటి ఉంది, మా పిల్లలకి కూడా తెలీదు. రుషికుల్యా నది ఒడ్డున కొండ మీద తారా తారిణి అమ్మవారు ఉంది కదా, మా గంజాం జిల్లాలోనే. సముద్రం మీద వెళ్లేవాళ్లను కాచే తల్లి అని నమ్మకం. నౌకాదళం ఆ పేరే తన తెరచాప పడవకి పెట్టింది, ఐఎన్‌ఎస్‌వీ తారిణి. 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే దాకా ఆరుగురు ఆడవాళ్లు దాని మీద భూమి చుట్టి వచ్చారు. అందులో ఇద్దరు తెలుగమ్మాయిలు, విశాఖ నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య. అది పందెం కాదు, దారిలో ఆగుతూ వెళ్లారు. గాలి బాగోలేకపోతే ఇంకో రోజు రేవులో ఉండొచ్చు. సర్కారు డబ్బులో ఉన్న సుఖం అదే. ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్టుకి స్పాన్సరుగా ఉంది. జట్టు ఓడినా చొక్కా మీద రాష్ట్రం పేరు అలాగే ఉంది. రవుర్కెలా పిల్లలకి దక్కింది గోపాల్‌పూర్ పిల్లలకి ఎందుకు దక్కదు అని అడిగితే, వాళ్ల దగ్గర హాకీ కర్ర ఉంది, మా దగ్గర సముద్రం మాత్రమే ఉంది అంటారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ ఎక్కడి పిల్ల? మధ్యప్రదేశ్. సముద్రమే లేని రాష్ట్రం. భోపాల్ చెరువులో నేర్చుకుంది. మాకు పక్కనే రంభ దగ్గర చిలికా అంతటి సరస్సు ఉంది, అందులో టూరిస్టులని తిప్పుతున్నాం.

ఇక్కడ నా వృత్తి గురించి కొంచెం. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ కింద, అంటే సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. గ్రామీణ క్రీడలకి, ఒలింపిక్ క్రీడలకి శిక్షణ ఇవ్వడం ఆ జాబితాలో ఉంది. అయితే తమ సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ అందులోకి రాదు. ఒక్కరోజు మారథాన్ లాంటివీ రావు. అంటే టీషర్టూ డ్రోనూ ఉన్న పందెం ప్రకటనల ఖర్చులోంచి రావాలి, మేనేజరు మారితే అది పోతుంది. అదే పిల్లలకి సెయిలింగ్ నేర్పడమైతే సీఎస్ఆర్‌లోకి వస్తుంది, మొదలుపెట్టిన ఏడు కాక ఇంకో మూడేళ్ల దాకా సాగే ప్రాజెక్టుగా రాసుకోవచ్చు. మా పల్లెవాళ్లు ఆనాడు అడగాల్సింది రెండోది. అడగాలని తెలీదు. నాకూ అప్పటికి తెలీదు, నేను ఆఫీసులో చేరి రెండేళ్లే.

ఆఫీసు పెద్దాయన ఇవన్నీ విని "కంపెనీ ధర్మసత్రం కాదయ్యా" అన్నారు. నిజమే. అలెక్స్ థామ్సన్ అనే నావికుడు సూటు వేసుకుని నడుస్తున్న పడవ కొయ్య మీదికి ఎక్కి అక్కణ్నుంచి సముద్రంలోకి దూకాడు, ఆ సూటు కంపెనీ కోసమే. నాకు ఆ వీడియో చాలా ఇష్టం. అతను దూకాలనుకున్న రోజు దూకాడు, గాలి చూసుకుని. మా బావ ఆ రోజు అలా చూసుకోలేకపోయాడు.

ఈ ఏడు ఇంకో కంపెనీ పందెం గురించి అడుగుతోందని కుర్రాళ్లు వచ్చారు. ఉత్తరం నన్నే రాయమన్నారు. మూడు షరతులు రాశాను. ఎప్పుడు బయల్దేరాలో కులపెద్ద చెబుతాడు, అతిథి వచ్చినా రాకపోయినా. గాలి చూసి పందెం ఆపేస్తే ఇస్తానన్న డబ్బు ఇవ్వాల్సిందే. మూడేళ్లు వస్తానంటేనే రావాలి. రాసింది మా చిన్నాన్నకి చదివి వినిపించాను. బీడీ ఆర్పి, మొత్తం శ్రద్ధగా విన్నాడు.

"అదంతా బాగుందిరా నాయనా. మరి ఆళ్లు ఇచ్చే చాపగుడ్డ కొలత ఎంతో కూడా రాయించు. కోళ్లగూడు మీదది చిరిగిపోనాది."

రాశాను. నాలుగో షరతు అదే.